నేల తేమ, చెట్టు తాగే నీరు: కొలిచే పనిముట్ల గురించి

(బత్తాయి రైతులకు, డ్రిప్పు పనివారికి జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఈ బల్ల మీదున్న బకెట్టు చూడండి. వెనక కూర్చున్నవారు కొంచెం ముందుకు జరగండి, చోటుంది. ఈ బకెట్లో నిలబెట్టిన గొట్టం పేరు టెన్సియోమీటరు. రాత్రంతా నీళ్లలోనే ఉంది, పైనున్న మీటరు అడుగుదాకా మునిగి ఉంది. అమ్మా, మీరు దగ్గర్లో ఉన్నారు, ముల్లు ఎక్కడుందో చదవండి. సున్నా మీద. సరే. ఇప్పుడు దీన్ని నీళ్లలోంచి తీసి, శుభ్రమైన గుడ్డతో అద్ది, ఇలా ఫ్యాను కింద తగిలిస్తున్నాను. మన మాటలు సాగుతుంటాయి, ముల్లు సంగతి మధ్యలో చూద్దాం.

మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. తోటకు నీళ్లు ఎప్పుడు పెడతారు? నాలుగు రోజులకోసారి అంటున్నారు ఒకరు. ఆకు ముడుచుకుంటే అంటున్నారు ఇంకొకరు. కరెంటు ఉన్నప్పుడు అంటున్నారు, అదీ నిజమే. నాలుగు రోజులన్నది క్యాలెండరు చెప్పే లెక్క, చెట్టు అడిగింది కాదు. ఆకు ముడుచుకోవడం చెట్టు చెప్పేదే, కానీ ఆలస్యంగా చెబుతుంది. కాయ ఊరే దశలో ఆకు ముడుచుకునేదాకా ఆగామంటే అప్పటికే కాయ పెరుగుదల దెబ్బతిని ఉంటుంది. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి చూసే అలవాటు మనకుంది. మంచి అలవాటు, మానకండి. అయితే చెయ్యి అందేది జానెడు లోతు. బత్తాయికి నీళ్లు తాగే వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల్లో ఉంటాయి. ఆ రెండో అడుగులో ఏం జరుగుతోందో పిడికిలికి తెలియదు.

కొలత అంటే రెండు ప్రశ్నలు. నేలలో నీరు ఎంత ఉంది? ఆ నీటిని వేరు ఎంత కష్టపడి లాగాలి? ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే సగం పొరపాట్లు మొదలవుతాయి. అందుకే దీన్ని కొంచెం నెమ్మదిగా చెబుతాను.

మొదటి ప్రశ్నకు అన్నిటికన్నా నమ్మకమైన జవాబు తూకం. మూత ఉన్న చిన్న అల్యూమినియం డబ్బా తీసుకోండి. ఖాళీ డబ్బా 40 గ్రాములు అనుకుందాం. అడుగు లోతు నుంచి తీసిన మట్టి అందులో వేసి, వెంటనే మూత పెట్టి తూస్తే 190 గ్రాములు వచ్చింది. మూత తీసి ఓవెన్లో 105 డిగ్రీల వేడిలో 24 గంటలు పెట్టి, మూత పెట్టి, చల్లారాక మళ్లీ తూస్తే 170. అంటే ఎగిరిపోయిన నీరు 20 గ్రాములు, ఎండిన మట్టి 130 గ్రాములు. 20ని 130తో భాగిస్తే 15.4 శాతం. ఇక్కడ చాలామంది 20ని 150తో భాగిస్తారు, అంటే తడి మట్టితో. అది తప్పు, ఎప్పుడూ ఎండిన మట్టితోనే భాగించాలి. తీసిన మట్టి పాలిథీన్ సంచిలో ఎండలో గంటసేపు ఉన్నా లెక్క పోతుంది. సంచి లోపలి గోడకు చెమ్మ పడుతుంది, మట్టిని డబ్బాలోకి మార్చేటప్పుడు ఆ చెమ్మ సంచిలోనే మిగిలిపోతుంది.

ఇది బరువు మీద శాతం. మనకు కావలసింది ఘనపరిమాణం మీద. 5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఇనుప రింగు నేలలో దింపి, మట్టి కదలకుండా తీసి, ఎండబెట్టి తూయండి. ఆ రింగులో పట్టేది 98 ఘన సెంటీమీటర్లు. ఎండిన మట్టి 147 గ్రాములు తూగితే సాంద్రత ఒకటిన్నర. 15.4ని ఒకటిన్నరతో గుణిస్తే సుమారు 23 శాతం. 30 సెంటీమీటర్ల లోతు మట్టిలో 23 శాతం అంటే 69 మిల్లీమీటర్ల నీరు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, వర్షపాతం లెక్కకూ పనికొస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. 23 శాతం తేమ ఉంది, తడి పెట్టాలా వద్దా? చెప్పండి. పెట్టాలి అన్నవారున్నారు, అక్కర్లేదు అన్నవారున్నారు. ఏ నేలో తెలియకుండా ఎవరూ చెప్పలేరు. ఎర్ర ఇసుక గరప నేలలో 23 శాతం అంటే నిన్ననో ఇవాళో నీళ్లు తాగిన నేల. చెట్టు హాయిగా ఉంటుంది. అదే 23 శాతం బరువు రేగడిలో ఉంటే మొక్క వాడిపోయి ఉండొచ్చు. రేగడి మట్టి రేణువు చాలా సన్నం, నీటిని తన ఒంటికి అంటించుకుని వదలదు. నేలలో నీరుంది, వేరుకు మాత్రం అందదు. అందుకే రెండో ప్రశ్న కావాలి, ఎంత గట్టిగా లాగాలి అన్నది. దానికే ఈ గొట్టం.

ఈ గొట్టం అడుగున బిగించి ఉండేది ఒక మట్టి కప్పు. ఇదిగో విడి కప్పు ఒకటి తెచ్చాను, ముందువరుస నుంచి చేతులు మార్చుకుంటూ చూడండి. అంచు దగ్గరే పట్టుకోండి, తెల్లటి భాగాన్ని ముట్టుకోవద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. పింగాణీలాగా ఉంటుంది కానీ పైన మెరుపు పూత ఉండదు, సుద్దముక్కలా గరుకుగా ఉంటుంది. దీని నిండా కంటికి కనబడనంత సన్న రంధ్రాలున్నాయి. తడిసిన కప్పు గోడలోంచి నీరు అటూ ఇటూ కదులుతుంది, గాలి మాత్రం దూరలేదు. పనిముట్టు కిటుకంతా అక్కడే ఉంది. గొట్టం నిండా నీళ్లు, పైన గట్టి మూత, పక్కన గాలి తీసిన ఒత్తిడిని చూపే మీటరు. చుట్టూ నేల ఆరుతుంటే కప్పులోంచి నీటిని లాగుతుంది. గొట్టంలోకి గాలి రాలేదు కాబట్టి లోపల శూన్యం ఏర్పడి ముల్లు పైకి లేస్తుంది. తడి పెడితే నేలలోంచి నీరు కప్పులోకి తిరిగొస్తుంది, ముల్లు దిగుతుంది. వేరు చేసే పనినే ఈ కప్పు చేస్తోంది. 1922లో అమెరికాలోని యూటాలో విల్లార్డ్ గార్డ్నర్, ఆయన తోటివారు ఈ సూత్రాన్ని రాశారు. నూరేళ్లు దాటినా కప్పు, నీళ్లు, మీటరు, అవే.

మీటరు మీద 0 నుంచి 100 దాకా సెంటీబార్లు ఉంటాయి. ఒక సెంటీబారు అంటే ఒక కిలోపాస్కలు, పుస్తకాల్లో ఎలా రాసినా ఒకటే. 100 దాకా గీతలున్నాయి కదా అని 100 దాకా చదవగలం అనుకోకండి. 80, 85 దగ్గర లోపలి నీళ్లలోంచి గాలి బుడగలు విడిపోతాయి, ముల్లు కుప్పకూలుతుంది. ఎత్తు ప్రాంతాల్లో ఇంకా ముందే. సముద్రమట్టం నుంచి ప్రతి 300 మీటర్లకు మూడు నాలుగు సెంటీబార్లు తగ్గుతుంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ 75 దాటిన అంకెను నేను నమ్మను.

ఇక పాతే పద్ధతి. వాడే ముందు కప్పును కనీసం ఒక రాత్రి నీళ్లలో నానబెట్టాలి. గొట్టంలో పోసే నీళ్లు మరిగించి చల్లార్చినవి కావాలి. పచ్చి నీళ్లలో కరిగిన గాలి ఉంటుంది, శూన్యం ఏర్పడగానే అదే బుడగలై పైకి చేరుతుంది. నీళ్లు పోశాక చేతిపంపు పైన ఆనించి లాగితే దాగిన బుడగలు బయటికొస్తాయి. మీటరు ఉన్న చోట వేలితో చిన్నగా తట్టండి, అక్కడే ఒకటి ఇరుక్కుని ఉంటుంది.

గొయ్యి తవ్వొద్దు. గొట్టం లావుకు సరిపోయే జీఐ పైపు తీసుకుని, కావలసిన లోతుకు గుర్తు పెట్టుకుని, సుత్తితో దింపి, తిప్పుతూ పైకి తీయండి. అదే నేల మట్టిని జల్లించి, దోసెపిండి జారులో కలిపి, ఆ రంధ్రంలో అర గ్లాసు పోయండి. ఇప్పుడు టెన్సియోమీటరును చేత్తో నెమ్మదిగా దింపండి. సుత్తితో కొడితే కప్పు చిట్లుతుంది. ఆ చిట్లు కంటికి కనబడదు, ముల్లు మాత్రం ఇక ఏనాడూ లేవదు. పైన గొట్టం చుట్టూ మట్టి తొక్కి, చిన్న దిబ్బలా ఎగదోయండి. లేకపోతే వానో, డ్రిప్పు నీరో గొట్టం పక్క సందులోంచి జారి నేరుగా కప్పు దగ్గరికి చేరుతుంది. నేల ఎండిపోయి ఉన్నా ముల్లు తడి అని చెబుతుంది. పాతిన రోజు అంకెను లెక్కలోకి తీసుకోకండి, మర్నాటి నుంచి చూడండి.

ఎక్కడ పాతాలి? చెట్టు నీడ అంచు లోపల, డ్రిప్పరుకు ఒక అడుగు దూరంలో. డ్రిప్పరు కిందే పెడితే ఎప్పుడూ తడే చూపిస్తుంది, సాళ్ల మధ్య పెడితే ఎప్పుడూ ఎండే. రెండూ నిజాలే, రెండిటితోనూ పని లేదు. ఒక చోట రెండు పాతాలి, 30 సెంటీమీటర్లకు ఒకటి, 60కి ఒకటి. ఖర్చు రెట్టింపని నాకు తెలుసు. అయినా ఒక్కటే కొంటానంటే రెండు కొనేదాకా ఆగమంటాను. ఎందుకంటారా? పైది ఎప్పుడు పెట్టాలో చెబుతుంది. కిందిది ఎంతసేపు పెట్టాలో చెబుతుంది.

చూడండి, పైది 35కి వచ్చింది, మోటారు వేశారు. మర్నాడు పొద్దున పైది 10కి దిగింది, కిందిది 45 దగ్గరే కదల్లేదు. అంటే నీరు రెండో అడుగుకు చేరలేదు, ఇంకొక గంట కావాలి. దీనికి తిరగేసి, కిందిది వారాల తరబడి 10 లోపే ఉంటోంది అనుకోండి. నీరు వేరు దాటి పోతోంది. నీరొక్కటే పోతోందా? దానితోపాటు మీరు డ్రిప్పులో వదిలిన యూరియా కూడా పోతోంది. కిందిది నెమ్మదిగా 20, 30 మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

ఇసుక గరప నేలల్లో పైది 25, 35 మధ్యకు రాగానే తడి. బరువు నేలల్లో 50, 60 దాకా ఆగొచ్చు. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే. ఒక పంటకాలం మీ తోటలోనే రాసుకుంటే మీ అంకె మీకు దొరుకుతుంది. రోజూ ఒకే వేళకు, సూర్యుడు పైకి రాకముందే చదవండి. మధ్యాహ్నం గొట్టం వేడెక్కుతుంది, చెట్టు గట్టిగా లాగుతుంటుంది, అంకె ఊగుతుంది. ఇంకో సన్న లెక్క ఉంది. గొట్టంలో నీటి నిలువు బరువు కూడా ముల్లును లాగుతుంది, ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక సెంటీబారు చొప్పున. కప్పు నుంచి మీటరుకు 70 సెంటీమీటర్లు ఉంటే చదివిన దాంట్లోంచి 7 తీసేయాలి. ఇందాక బకెట్లో సున్నా ఎందుకు చూపించిందో ఇప్పుడు అర్థమైందా? మీటరు దాకా నీళ్లలో ఉంది కాబట్టి.

చెడిపోయే తీరులు చెబుతాను, ఇవి రాసుకోండి. నేల ఎండింది, ముల్లు సున్నా దగ్గరే ఉంది: గాలి దూరుతోంది. ముందు మూత కింద ఓ-రింగు, అంటే గాలి ఆపే రబ్బరు వలయం చూడండి, ఇసుక రేణువు ఒక్కటున్నా చాలు. తర్వాత మీటరు మర, చివరికి కప్పు. ముల్లు లేస్తుంది కానీ తడి పెట్టినా దిగదు: కప్పు రంధ్రాలు పూడుకున్నాయి, లేదా కప్పుకూ మట్టికీ మధ్య సందు ఏర్పడింది. ఉప్పు నీటి బోర్లున్న చోట తెల్లటి పొర కడుతుంది, సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్ది మళ్లీ నానబెట్టండి. కప్పును ముట్టుకోవద్దన్నది కూడా ఇందుకే, చేతి జిడ్డు రంధ్రాల్లో పడితే నీరు కదలదు. గొట్టంలో ఆకుపచ్చ నాచు పడితే కడిగి, నీళ్లు మార్చి, ఎండ తగలకుండా పైన తెల్ల పీవీసీ తొడుగు వేయండి.

ఒక్క మాట బత్తాయి రైతులకు ప్రత్యేకంగా. పూత కోసం బెట్ట పెడతాం కదా, అంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి నేలను ఎండనిస్తాం. బెట్టలో నేల 80 దాటి చాలా దూరం పోతుంది. అప్పుడు టెన్సియోమీటరు నేలలో ఉంచితే నీళ్లన్నీ లాగేసి ఖాళీ గొట్టం మిగులుతుంది. బెట్ట మొదలుకాగానే బయటికి తీసి, కడిగి, భద్రపరచండి. బెట్ట ఎంత దూరం పోయిందో కొలవాలంటే జిప్సం బిళ్ల కావాలి. రెండు ఎలక్ట్రోడ్ల చుట్టూ పోతపోసిన జిప్సం, బ్యూయూకస్, మిక్ అనే ఇద్దరు 1940లో తెచ్చిన పద్ధతి. బిళ్ల ఆరేకొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. తడి నేలలో దీనికి చూపు ఆనదు, ఎండు నేలలోనే దీని పని. కాలం గడిచేకొద్దీ కరిగిపోతుంది కూడా. వాటర్‌మార్క్ రకం సెన్సర్లు దీని తమ్ముళ్లే, 200 సెంటీబార్ల దాకా చూపుతాయి. నెర్రెలిచ్చే రేగడిలో వీటికైనా చిక్కే. నెర్రె సరిగ్గా పనిముట్టు పక్కనే విచ్చుకుంటుంది, అక్కడే మట్టి బలహీనం కాబట్టి. వారానికోసారి పనిముట్టు మొదలు దగ్గర మట్టి తొక్కి నెర్రె పూడ్చాలి.

ఇప్పుడు అందరూ అడిగేది, ఫోనుకు అంకె పంపే సెన్సర్ల సంగతి. ఇవి మొదటి ప్రశ్నకు, అంటే ఎంత నీరుంది అన్నదానికి జవాబిస్తాయి. విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకెను డైఎలక్ట్రిక్ విలువ అంటారు. నీటిది సుమారు 80, మట్టి రేణువులది 3 నుంచి 5, గాలిది 1. అందుకే నేలలో నీరు కొంచెం పెరిగినా తేడా తెలిసిపోతుంది. 1980లో కెనడాలో టాప్, డేవిస్, అన్నన్ ఈ లెక్కకు ఒక సూత్రం ఇచ్చారు, టీడీఆర్ యంత్రాలు, అంటే నేలలో గుచ్చిన కడ్డీల వెంట విద్యుత్ తరంగం వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని కొలిచేవి, దానిమీదే నడిచాయి. మన దగ్గరికి వచ్చే చవక రకాలు కెపాసిటెన్స్ మీద, అంటే చుట్టూ ఉన్న మట్టి ఎంత విద్యుదావేశం పట్టి ఉంచుతుందన్నదాని మీద పనిచేస్తాయి. ఇవి చూసేది చుట్టూ కొద్ది సెంటీమీటర్ల మట్టినే. సెన్సరు పుల్లకూ మట్టికీ మధ్య వెంట్రుకవాసి గాలి సందున్నా తేమను తక్కువ చేసి చెబుతాయి. ఇంకా చవకగా, రెండు బయటి లోహపు కాళ్లతో వచ్చేవి ఉంటాయి. అవి కొనకండి. కాళ్లు తుప్పు పడతాయి, పైగా ఎరువు వదిలిన రోజు నేలలో ఉప్పు పెరిగి, నీరు పెరగకపోయినా తేమ పెరిగిందని చూపిస్తాయి.

ఏ సెన్సరు కొన్నా, బాగా తడిసినప్పుడు ఒకసారి, సగం ఆరాక ఒకసారి, ఎండాక ఒకసారి దాని పక్క మట్టి తీసి డబ్బా తూకం వేయండి. మూడు చుక్కలు కాగితం మీద పెడితే మీ నేలలో అది ఎంత తప్పుతోందో తెలిసిపోతుంది. కోయంబత్తూరు చెరకు పరిశోధన సంస్థ రంగు దీపాల తేమ సూచిక ఒకటి చేసింది. నీలం వెలిగితే తేమ పుష్కలం, ఎరుపు వెలిగితే వెంటనే నీళ్లు. అంకెలు చూడలేనివారికి అది మంచి దారి.

ఇంతవరకూ నేలను అడిగాం. చెట్టు రోజుకు ఎంత తాగుతోందో ఎలా తెలుస్తుంది? సులువైన పనిముట్టు ఆవిరి పళ్లెం, క్లాస్-ఏ పాన్ అంటారు. సుమారు 120 సెంటీమీటర్ల వ్యాసం, 25 సెంటీమీటర్ల లోతు, చెక్క చట్రం మీద నేలకు సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నీటిమట్టం రోజుకు ఎంత తగ్గిందో కొలుస్తారు. పక్షులు తాగకుండా పైన వల వేస్తారు, ఆ వల వల్ల ఆవిరి కొంత తగ్గుతుందని మరవకండి. లెక్క చేద్దాం. మే నెలలో పళ్లెంలో 8 మిల్లీమీటర్లు తగ్గింది. పళ్లెంలో ఆవిరి పంటకన్నా ఎక్కువ, అందుకే తగ్గించే పళ్లెం గుణకం 0.7. బత్తాయి చెట్టు తాగే వాటా చెప్పే పంట గుణకం 0.65. 8ని ఈ రెండిటితో గుణిస్తే 3.64 మిల్లీమీటర్లు. చెట్టుకు 6 మీటర్లు ఇంటూ 6 మీటర్లు, 36 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద మిల్లీమీటరు అంటే ఒక లీటరు. 131 లీటర్లు. డ్రిప్పు సామర్థ్యం 90 శాతం వేసుకుంటే 146. గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగుంటే నాలుగున్నర గంటలు. ఇది నీడ బాగా కమ్మిన ముదురు తోటకు. లేత తోటకు గుణకం 0.45 దాకా తగ్గుతుంది. డ్రిప్పరు నిజంగా 8 లీటర్లు ఇస్తోందా? లోటా, గడియారం పెట్టుకుని చూడండి. పది నిమిషాల్లో 1.3 లీటర్లు రావాలి.

చెట్టునే నేరుగా కొలిచే పనిముట్లు పరిశోధన క్షేత్రాల్లో ఉంటాయి. మానులో రెండు సన్న సూదులు గుచ్చి ఒకదాన్ని వేడిచేస్తారు. రసం వేగంగా పారితే వేడిని మోసుకుపోతుంది, రెండింటి మధ్య తేడా తగ్గుతుంది. ఆకును కోసి, తొడిమ బయటికి ఉండేలా ఇనుప గదిలో బిగించి గ్యాసు ఒత్తిడి పెంచేది ఇంకొకటి. ఎంత ఒత్తిడికి తొడిమ కొసన రసం చుక్క కనబడితే, చెట్టు అంత బిగువుతో ఉన్నట్టు. మీరు కొనక్కర్లేదు. ఈ పళ్లెం లెక్కను టెన్సియోమీటరుతో సరిచూసుకుంటే చాలు. లెక్క ప్రకారం పెట్టినా కింది ముల్లు రోజురోజుకూ ఎక్కుతుంటే గుణకం పెంచండి, పదిలోపే ఉంటే తగ్గించండి.

సరే, ఫ్యాను కిందకు వద్దాం. అమ్మా, మళ్లీ మీరే చదవండి. 62. మట్టి లేదు, వేరు లేదు, ఉత్త గాలి ఇంత లాగింది. అంటే ఈ పనిముట్టుకు ఎక్కడా గాలి దూరడం లేదని కూడా రుజువైంది. కొనేటప్పుడు దుకాణంలో ఈ పరీక్షే చేయించుకోండి. ఇప్పుడు బకెట్లో పెడుతున్నాను, ముల్లు మీదే చూపుంచండి. 50... 30... 12... దిగుతోంది. ఇక లేవండి, పలుగు, పైపు, జల్లెడ బయట పెట్టించాను. రెండో వరుస మూడో చెట్టు దగ్గర మీ చేత్తోనే పాతుదురుగాని.